ఆ స్కేలు ఎవరి గొంతుది?

శనివారం సాయంత్రం ప్రాక్టీసు. కీబోర్డు ముందు కూర్చున్న కుర్రాడు అడుగుతాడు: "అన్నా, రేపు ఈ పాట ఏ స్కేలు?" మీరు ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "యూట్యూబ్‌లో ఏది ఉంటే అదే వేసెయ్ రా" అంటారు.

ఆదివారం ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. చరణం అందరూ బాగానే పాడతారు. పాట పైకి ఎక్కేసరికి మగవాళ్ల వైపు గొంతులు ఒక్కొక్కటే ఆగిపోతాయి. ఆడవాళ్లలో ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు ఎలాగో లాక్కొస్తుంటారు. మిగతావాళ్లు చప్పట్లు కొడుతూ మిమ్మల్నే చూస్తుంటారు. ఆరాధన అయ్యాక మీరు అయ్యగారితో, "మన జనం నోరు తెరవరండీ" అంటారు. పాపం, వాళ్లు నోరు తెరిచారు. అక్కడ పట్టుకోవడానికి వాళ్లకు అందే స్వరం లేదు.

రికార్డింగులో ఉన్న స్కేలు ఆ గాయకుడి గొంతుకు కుదిరినది. ఆ టెంపో ఆ హాలుకు, ఆ బ్యాండుకు కుదిరినది. మీ సంఘంలో పాడేది మీ జనం. స్కేలు, టెంపో, పాట మూడ్, ఈ మూడూ వాళ్లను బట్టే తేల్చుకోవాలి. ఎలాగో చూద్దాం. థియరీ జోలికి పోను. కీబోర్డు మీద స్వరాల పేర్లు తెలిస్తే చాలు.

1. మొదటి కార్డు చూసి స్కేలు చెప్పకండి

చాలామంది చేసే పొరపాటు ఇదే. పాట ఏ కార్డుతో మొదలైతే అదే స్కేలు అనుకుంటారు. మ్యాట్ రెడ్‌మన్, జోనాస్ మిరిన్ రాసిన '10,000 రీజన్స్' తీసుకోండి. 2011లో వచ్చిన ఆల్బంలో ఆ పాట జి మేజర్‌లో ఉంటుంది. కానీ పల్లవి ఎత్తుకునేది సి కార్డు మీద. సి విని 'సి స్కేలు' అని రాసుకున్నవాడు రెండో లైనుకల్లా తడబడతాడు.

హిల్‌సాంగ్ యునైటెడ్ వాళ్ల 'ఓషన్స్' (2013) ఇంకా తికమక పెడుతుంది. అది బి మైనర్ కార్డుతో మొదలవుతుంది. స్కేలు మాత్రం డి మేజర్ కిందే రాస్తారు. మొదట్లో ఆ బి మైనర్ ఉండబట్టే పాటకు ఆ లోతు, ఆ ఎదురుచూపు వచ్చాయి.

మరి ఎలా పట్టుకోవాలి? పాట మొత్తం ఒకసారి విని, "ఇక్కడ ఆపేస్తే పాట పూర్తయినట్టు ఉంటుంది" అనిపించే చోటును వెతకండి. అక్కడ కింద మోగే స్వరమే మీ స్కేలు. ఎక్కువ పాటల్లో చివరి కార్డు చెప్పేస్తుంది. కొన్ని ఆధునిక పాటలు కావాలనే గాల్లో వదిలేసి ముగుస్తాయి. అలాంటప్పుడు పల్లవి చివర చూడండి.

2. పాట అడుగు ఎక్కడ, కొస ఎక్కడ?

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇది. పది నిమిషాలు కూడా పట్టదు. అయినా నూటికి తొంభై మంది చేయరు.

కీబోర్డు దగ్గర కూర్చుని పాట ట్యూను మాత్రమే ఒంటివేలితో వాయించండి. కార్డులు వద్దు. అందులో అన్నిటికంటే కింద తగిలే స్వరం ఒకటి, అన్నిటికంటే పైన తగిలే స్వరం ఒకటి కాగితం మీద రాయండి. ఇప్పుడు ఈ కొలత గుర్తుపెట్టుకోండి: సంగీతం నేర్చుకోని మామూలు జనానికి, ఆడవాళ్ల లెక్కలో చెప్పాలంటే, మధ్య సికి కిందున్న ఎ నుంచి పైన డి దాకా హాయిగా ఉంటుంది. మగవాళ్లు అదే ట్యూనును తమంతట తామే ఒక స్థాయి కింద పాడుకుంటారు. పై ఇ దాకా వెళ్లినా, ఒక్క మాట మీద తగిలి దిగిపోతే ఫర్వాలేదు. అక్కడే నాలుగు లైన్లు కూర్చోబెడితే సంఘం చేతులెత్తేస్తుంది, ఆరాధనలో ఎత్తే చేతులు కావు అవి.

ఉదాహరణకు మీరు ఎంచుకున్న పాట డి స్కేలులో ఉందనుకుందాం. అడుగు కింది ఎ, కొస పై ఎఫ్ షార్ప్. కొస ఎక్కువైంది కదా అని కీబోర్డు ట్రాన్స్‌పోజ్ మైనస్ నాలుగు పెట్టారు. స్కేలు బి ఫ్లాట్ అయింది, కొస డి దగ్గరకు వచ్చింది. బాగుంది. కానీ అడుగు? అది ఎఫ్ దాకా దిగిపోయింది. మొదటి చరణం ఆడవాళ్లకు గొణుగుడే. మగవాళ్లలో బొంగురు గొంతు ఉన్న పెద్దాయన ఒక్కడే వినిపిస్తాడు.

ఇలా అడుగూ కొసా దూరంగా ఉన్న పాటకు ఏ స్కేలూ పూర్తిగా కుదరదు. మైనస్ రెండు పెట్టి సిలో పాడండి. అడుగు జి, కొస ఇ. చరణం కింద ఉంటుంది కాబట్టి దాన్ని ఒక్కరితో పాడించండి, జనాన్ని పల్లవి నుంచి కలుపుకోండి. లేదా కొసన తగిలే ఆ ఒక్క లైనును మీ బృందానికి వదిలి, సంఘం చేత కింది స్వరమే పాడించండి. 'ఓషన్స్' లాంటి పాటలో బ్రిడ్జిని మొదట కింద పాడి, తర్వాత అదే ట్యూనును ఒక స్థాయి పైకి తీసుకెళ్తారు. ఆ పాట పాడిన టాయా స్మిత్ గొంతుకు అది అందం. మీ సంఘంలో రెండోసారి కూడా జనం కిందనే ఉంటే ఏం పోయింది? పైన పాడే చెల్లెమ్మ ఒక్కతి ఉంటే చాలు, రెండూ కలిసి ఇంకా నిండుగా ఉంటుంది.

ఇంకో సంగతి. ఉదయం ఆరున్నర ఆరాధనకు, పదిన్నర ఆరాధనకు ఒకే స్కేలు పెట్టకండి. నిద్ర లేచిన గొంతు బరువుగా ఉంటుంది, పైకి లేవదు. మొదటి ఆరాధనకు ఒక మెట్టు, అవసరమైతే రెండు మెట్లు దించండి. రెండో ఆరాధనకు మళ్లీ పెంచండి. పెంచడం మరిచిపోకుండా ట్రాన్స్‌పోజ్ అంకె కాగితం మీద పెద్దగా రాసి కీబోర్డుకు అంటించండి. కీబోర్డు మైనస్ రెండులో, గిటారు మామూలుగా మోగితే వచ్చే శబ్దం ఒక్కసారి విన్నవాళ్లెవరూ ఈ జాగ్రత్త మరిచిపోరు.

3. పాడేవాళ్లు మారితే స్కేలు మారాలి

"ఈ వారం అన్న పాడట్లేదు, చెల్లి పాడుతుంది. పాట మాత్రం అదే స్కేలు." ఈ మాట మీ ప్రాక్టీసులో ఎన్నిసార్లు విన్నారు?

మగ గొంతుకు జిలో హాయిగా ఉన్న పాట ఆడ గొంతుకు తరచుగా సిలోనో డిలోనో కుదురుతుంది. హార్మోనియం పట్టుకుని పెరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. మగవాళ్లు ఒకటి, ఒకటిన్నర శ్రుతి అనీ, ఆడవాళ్లు ఐదు, ఐదున్నర అనీ వాళ్లే చెప్తారు. అంటే సి, సి షార్ప్ ఒకవైపు. జి, జి షార్ప్ ఇంకోవైపు.

ఇక్కడ ఒక చిక్కుంది. పాడే చెల్లికి సరిపోయిన స్కేలు జనానికి సరిపోవాలని లేదు. ఆమె గొంతు పైన బాగుంటుందని పాటను పైకి తీసుకెళ్తే, మళ్లీ మొదటికే వస్తాం. ఇలాంటప్పుడు నా లెక్క సూటిగా ఉంటుంది: సంఘం పాడే పాటకు సంఘం గొంతే చూడాలి, కానుకల సమయంలో పాడే ప్రత్యేక గీతానికి పాడేవాళ్ల గొంతు చూడాలి. చెల్లి నొచ్చుకుంటుందా? ప్రత్యేక గీతం ఆమెకే ఇవ్వండి.

మన పాత కీర్తనల పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటివారి కీర్తనల పైన రాగం పేరు ఉంటుంది, తాళం పేరు ఉంటుంది. శ్రుతి ఉండదు. ఎత్తుకునేవాళ్లు తమకూ తమ జనానికీ తగ్గ శ్రుతి పెట్టుకున్నారు. రికార్డింగు వచ్చాకే మనకు 'ఒరిజినల్ స్కేలు' అనే భక్తి మొదలైంది.

4. టెంపో: ముందు మీరు ఎంతలో పాడుతున్నారో చూసుకోండి

నెమ్మదిగా సాగే ఆధునిక ఆరాధన పాటలు ఎక్కువగా నిమిషానికి 65 నుంచి 75 దెబ్బల మధ్య ఉంటాయి. హిల్‌సాంగ్ వర్షిప్ వాళ్ల 'వాట్ ఎ బ్యూటిఫుల్ నేమ్' (2016) దాదాపు 68. '10,000 రీజన్స్' దాదాపు 73. హుషారైన స్తుతి పాటలు 120 దాటుతాయి.

మీ టెంపో తెలుసుకోవడానికి యాప్ కూడా అక్కర్లేదు. పాట సాగుతుండగా పదిహేను సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. యాప్ వాడితే ఒక మోసం ఉంది: 68 ఉన్న పాటను అది 136 అని చూపించవచ్చు. ప్యాడ్స్ వాయించే తమ్ముడు ఆ అంకె నమ్మి మొదలుపెట్టాడంటే పశ్చాత్తాప గీతం కాస్తా ఊరేగింపు పాట అయిపోతుంది.

ఇప్పుడు ఈ పని చేయండి. వచ్చే ఆదివారం ఒక పాటను ఫోన్‌లో మొత్తం రికార్డు చేయండి. మొదటి నిమిషంలో ఒకసారి, చివరి నిమిషంలో ఒకసారి లెక్కపెట్టండి. 72తో మొదలైంది 80 దాటి ముగిస్తే ఆశ్చర్యపోకండి. మన జనానికి చప్పట్లు ప్రాణం. చప్పట్లు మొదలైతే పాట పరుగెత్తుతుంది. కుటుంబ కూడికల్లో వాయిద్యాలేవీ లేకుండా కంజీర ఒక్కటే ఉన్నప్పుడు మరీను.

పరుగు ఎలా ఆపాలి? మైకులో "మెల్లగా, మెల్లగా" అంటే లాభం లేదు. జనం చేతులు మీ మాట వినవు, మీ చేతుల్ని చూస్తాయి. మీరు చప్పట్లు మానేసి చెయ్యి పైకెత్తి ఉంచండి. ప్యాడ్స్ వాయించేవాళ్లను నాలుగు దెబ్బల్లో మొదటి దానికే పరిమితం చేయండి. ఒక చరణం గడిచేసరికి పాట దారికొస్తుంది.

మరీ నెమ్మదించడమూ తక్కువ తప్పేం కాదు. భక్తి అంటే నిదానం అనుకునేవాళ్లు 68 పాటను 60కి లాగుతారు. ఎనిమిది దెబ్బల లైను 68లో ఏడు సెకన్లు పడుతుంది, 60లో ఎనిమిది సెకన్లు. ఒక్క సెకనే కదా? డెబ్బై ఏళ్ల మామ్మగారిని అడగండి. లైను చివరి మాట దగ్గర ఆమెకు ఊపిరి ఉండదు. ఆ చివరి మాట చాలా పాటల్లో ప్రభువు పేరే.

టెంపో తేల్చేముందు ఇంకో రెండు చూసుకోండి. మీ మందిరం రేకుల షెడ్డా? గోడలు ఉత్త సిమెంటా? అయితే శబ్దం తిరిగి తిరిగి మోగుతుంది. 130లో ఉన్న పాట అక్కడ గోలగా వినిపిస్తుంది, 122కి దించితే మాటలు తెలుస్తాయి. రెండోది, ఇంగ్లీషు ట్యూనుకు తెలుగు సాహిత్యం కూర్చిన పాట అయితే లైనులో అక్షరాలు ఎక్కువ పడి ఉంటాయి. దీర్ఘాలు నలిగి హ్రస్వాలవుతున్నాయేమో చెవి పెట్టి వినండి. అవుతుంటే రెండు మూడు దెబ్బలు తగ్గించండి. ట్యూనులో ఊపు కాస్త తగ్గినా మాట నిలుస్తుంది.

5. ఆరు దెబ్బల పాటను నాలుగులో వాయించకండి

'గుడ్ గుడ్ ఫాదర్', 'రెక్‌లెస్ లవ్' లాంటివి ఆరు దెబ్బల నడకలో సాగుతాయి. మన తబలా మాస్టారును పిలిచి "దాద్రా" అనండి, వెంటనే అందుకుంటాడు. నాలుగు దెబ్బల పాటకు "కహర్వా" అంటే చాలు. ఆక్టోప్యాడ్‌లో మాత్రం ఎవరో ఎప్పుడో నింపిన ప్యాటర్న్ నొక్కేస్తే, ఆరు పాట మీద నాలుగు దరువు పడి జనం అడుగు తప్పుతారు. పాట మొదలుపెట్టేముందు మీరే "ఒకటి-రెండు-మూడు, నాలుగు-అయిదు-ఆరు" అని రెండుసార్లు లెక్కపెట్టి ఇవ్వండి.

6. మూడ్ సాహిత్యంలో ఉంటుంది, స్విచ్చులో కాదు

"బ్రదర్, కొంచెం ఫీల్ పెంచండి." ప్రాక్టీసులో ఈ మాట వినగానే ఏం జరుగుతుంది? కీబోర్డు వాల్యూం పెరుగుతుంది, డ్రమ్స్ పెరుగుతాయి, పాడేవాళ్ల కళ్లు మూసుకుంటాయి. ఇంకేం జరగదు.

ముందు పాటను ట్యూను లేకుండా చదవండి, ఉత్తరం చదివినట్టు బయటికి చదవండి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు? దేవుడితోనా, పక్కవారితోనా, తన ప్రాణంతోనేనా? అడుగుతున్నారా, చెప్తున్నారా, కృతజ్ఞత తెలుపుతున్నారా? చరణం చరణానికీ ఇది మారుతుంది. ఎక్కడ మారిందో పెన్సిల్‌తో గీత పెట్టండి. మీ వాయిద్యాలు మారాల్సింది ఆ గీతల దగ్గరే.

నైజీరియా గాయని సినాచ్ రాసిన 'వే మేకర్' (2015) ప్రపంచమంతా ఎందుకు పాడుతోందో గమనించారా? మాటలు తక్కువ, మళ్లీ మళ్లీ వస్తాయి. అలాంటి పాటలో ప్రతిసారీ ఒకే బలంతో వాయిస్తే మూడోసారికి విసుగు పుడుతుంది. ఒకసారి వాయిద్యాలన్నీ, ఒకసారి గొంతులు మాత్రమే, ఒకసారి ప్యాడ్స్ ఒక్కటే. మొదటి లైను నుంచే అన్నీ మోగించేసిన బృందానికి చివర పెంచడానికి ఏమీ మిగలదు. ఉప్పు ముందే పోసేసిన కూర లాంటిది, ఇక చేయగలిగింది నీళ్లు కలపడమే.

మైనర్ అంటే దుఃఖం, మేజర్ అంటే సంతోషం అని కొందరు బల్ల గుద్ది చెప్తారు. నమ్మకండి. నెమ్మదిగా సాగే మేజర్ పాట కంటతడి పెట్టిస్తుంది, వేగంగా సాగే మైనర్ పాట చిందులేయిస్తుంది. స్కేలు, టెంపో, సాహిత్యం మూడూ కలిశాకే మూడ్ తేలుతుంది. పండగ పూట ఆనందగీతాన్ని 66లో, సగం వెలుతురులో, కళ్లు మూసుకుని పాడించి "సంఘంలో ఉత్సాహం లేదు" అనడం అన్యాయం.

ప్రార్థన సమయం గురించి ఒక్క మాట. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టగానే కీబోర్డులో కొత్త కొత్త కార్డులు ప్రయత్నించకండి. పాట స్కేలు కార్డు, దానికి నాలుగోది. జిలో ఉంటే జి, సి. ఈ రెండూ మెల్లగా మారుతుంటే చాలు. ఆయన గొంతు కంటే మీ కీబోర్డు వినిపిస్తే వాల్యూం ఎక్కువైనట్టే.

7. రెండు పాటల మధ్య

హుషారు పాట అయిపోయింది. మౌనం. మైకు ఆన్‌లోనే ఉంది. "తమ్ముడూ, నెక్స్ట్ ఏ స్కేలు?" అని సంఘమంతా వింది.

శనివారమే ఒక కాగితం రాసి అందరికీ ఫొటో పంపండి: పాట, స్కేలు, టెంపో, ఎవరు ఎత్తుకుంటారు. నాలుగే గళ్లు. వరస పెట్టేటప్పుడు పక్కపక్క పాటలు ఒకే స్కేలులో ఉంటే మేలు. లేదంటే మొదటిది జిలో ముగిసి రెండోది డిలో మొదలైనా చెవికి ఇబ్బంది ఉండదు, రెండింటికీ ఉమ్మడి కార్డులున్నాయి. జి నుంచి ఉన్నట్టుండి జి షార్ప్‌కి దూకితేనే తంటా. గిటారు వాయించేవాళ్లు క్యాపో ఎక్కడ పెట్టాలో కూడా అదే కాగితం మీద రాసుకోవచ్చు. జి షేప్, రెండో ఫ్రెట్ అంటే ఎ స్కేలు.

చివరి పల్లవిలో ఒక మెట్టు పెంచడం ఈమధ్య అందరికీ సరదా. పెంచండి, కాదనను. పెంచాక కొస ఎక్కడికి వెళ్తుందో రెండో సూచనలో రాసుకున్న కాగితం చూసి పెంచండి.

8. అయ్యగారు హఠాత్తుగా పాట ఎత్తుకుంటే?

ప్రసంగం మధ్యలో ఆయనకు ఒక పల్లవి గుర్తొస్తుంది. కాగితంలో లేదు, ప్రాక్టీసులో లేదు. ఆయన గొంతుకు ఏది వస్తే అది పట్టుకుని పాడేస్తారు, జనం అందుకుంటారు. కీబోర్డు తమ్ముడు కంగారుగా మీటలన్నీ నొక్కి వెతుకుతాడు, అది స్పీకర్లలో వినిపిస్తుంది.

వాల్యూం పూర్తిగా తగ్గించి, హెడ్‌ఫోన్‌లోనో చెవి దగ్గరో ఆయన ఆగే స్వరం వెతకమనండి. ఈలోపు ప్యాడ్స్ మెల్లగా దరువు పట్టుకోవాలి. తొందరేం లేదు, జనం పాడుతున్నారు కదా. పల్లవి రెండోసారి వచ్చేసరికి స్వరం దొరికితే ఒక్క కార్డుతో లోపలికి రండి. కొన్నిసార్లు ఆయన ఒకటి శ్రుతికీ ఒకటిన్నరకీ మధ్యలో పాడుతుంటారు. ఆ స్వరం మీ కీబోర్డు మామూలు మీటల్లో దొరకదు. అప్పుడు కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసి, మీరూ జనంతో కలిసి చప్పట్లు కొట్టండి.